పాత నగల మీది ముద్రలు చదువుకుందాం
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పొదుపులు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మేము మాట్లాడబోయేది బీరువాలో ఉన్న పొదుపు గురించి. అమ్మ పెట్టిన కమ్మలు, అత్తగారిచ్చిన గొలుసు కూడా మన పొదుపే కదా!

పోయినేడాది మా సంఘంలో ఒక అక్క కూతురి ఫీజు కోసం అత్తగారి గొలుసు అమ్మబోయింది. బరువు 24 గ్రాములు. దుకాణంలో గీటురాయి మీద గీసి "18 క్యారెట్లేనమ్మా" అన్నారు. ఆమె అమ్మకుండా వెనక్కి వచ్చేసింది. మేమంతా కలిసి పరీక్షా కేంద్రానికి వెళ్ళాం. 20 క్యారెట్లని తేలింది. లెక్క చూడండి: 20 అయితే అందులో మేలిమి బంగారం 20 గ్రాములు, 18 అయితే 18 గ్రాములు. ఒక్క మాటతో 2 గ్రాములు పోయేవి. "ఇది 22" అని ఇంట్లో ఇన్నేళ్ళుగా అనుకున్నదీ నిజం కాదని అప్పుడే తెలిసింది. అందుకే ఎవరి నోటిమాటా వద్దు, కాగితం కావాలి.

క్యారెట్ అంటే 24 భాగాల్లో ఎన్ని భాగాలు బంగారమో చెప్పే లెక్క. 22 క్యారెట్లంటే వెయ్యికి 916 పాళ్ళు. 18 అయితే 750, 14 అయితే 585.

మన దేశంలో బంగారానికి బీఐఎస్ హాల్‌మార్క్ 2000లో మొదలైంది. అంతకుముందు చేయించిన నగ మీద ఆ ముద్ర లేకపోతే అది నకిలీ అని కాదు. తర్వాత వచ్చిన పాత హాల్‌మార్క్ నగల మీద త్రికోణం గుర్తు, 916 లాంటి అంకె, పరీక్షా కేంద్రం గుర్తు, దుకాణం గుర్తు ఉంటాయి. 2021 నుంచి ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఆ నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు ఏదో, స్వచ్ఛత ఎంతో కనిపిస్తుంది.

రెండు చోట్ల మోసపోతాం. త్రికోణం లేకుండా ఒట్టి 916 ఉంటే అది అమ్మినవాళ్ళ మాట మాత్రమే. కేడీఎం అని ఉంటే అది కాడ్మియంతో అతుకు వేసే పద్ధతి పేరు, స్వచ్ఛత ముద్ర కాదు. కాడ్మియం పొగ కంసాలి ఊపిరితిత్తులకు చేటు.

ముద్ర లేని పాత నగను బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో మనమే పరీక్ష చేయించుకోవచ్చు. 2022లో పెట్టిన రుసుము ప్రకారం 4 వస్తువుల దాకా కలిపి 200 రూపాయలు, 5 లేదా అంతకన్నా ఎక్కువైతే ఒక్కోదానికి 45. ముక్క తీస్తారా, పైపైన మిషన్‌తో చూస్తారా అని ముందే అడగండి. మిషన్ పైపొరను మాత్రమే చూస్తుంది. లోపల లక్క ఉంటే చెప్పండి. లక్క, రాళ్ళు బంగారం బరువులోకి రావు. తాకట్టు పెట్టేటప్పుడు కూడా తూకం, పరీక్ష మీ కళ్ళముందే జరగాలని పట్టుబట్టండి.

కొత్తది కొంటే బిల్లు దాచండి. హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు ఇవ్వాలని నిబంధన ఉంది.

చివరిగా ఒక పని. నగలు మీటింగుకు తేవద్దు. ఇంట్లోనే భూతద్దం పెట్టి ఏ నగ మీద ఏ ముద్ర ఉందో, బరువెంతో ఒక కాగితం మీద రాసి మీ దగ్గరే దాచుకోండి. చదవడం రాని అక్కకు పక్కన కూర్చున్న చెల్లెలు రాసిపెట్టాలి. అవసరం తరుముకొచ్చిన రోజున దుకాణంలో తల వంచుకొని నిలబడకుండా, ఆ కాగితం పట్టుకొని మాట్లాడదాం.