అక్కడ పది, ఇక్కడ పన్నెండున్నర

కడప, రాయచోటి వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోయారు. అలా పోయిన ఒక పిల్ల, "శుక్రవారం రాత్రి పది గంటలకు ఫోన్ చేస్తానమ్మా" అన్నదనుకోండి. తల్లి ఫోన్ పక్కనే కూర్చుంది. పది దాటింది. పదకొండు అయింది. ఫోన్ రాలేదు. పిల్లకు ఏమైందోనని తల్లికి గుండె దడ.

పిల్లకు ఏమీ కాలేదు. అక్కడ ఇంకా ఎనిమిదిన్నరే. గిన్నెలు తోముతూ ఉంది.

భూమి బొంగరంలా తిరుగుతుంది. తూర్పున ఉన్న మనకు ముందు తెల్లవారుతుంది. కువైట్ పడమట ఉంది. అక్కడి గడియారం రెండున్నర గంటలు వెనక. ఎండాకాలమైనా చలికాలమైనా ఇంతే. దుబాయ్ అయితే గంటన్నరే తేడా.

కువైట్ టైముకు 2 గంటలు కలపండి. తర్వాత 30 నిమిషాలు కలపండి. ఈ అరగంటే చాలామంది మరిచిపోతారు! 10కి 2 కలిపితే 12. ఇంకో అరగంట, 12.30. అంటే ఇక్కడ శనివారం వచ్చేసింది. ఫోన్ మోగేది అప్పుడు. "అక్కడి పదా, ఇక్కడి పదా?" అని తల్లి ముందే అడగాల్సింది.

ఇక్కడి నుంచి చేసేటప్పుడు రెండున్నర తీసెయ్యాలి. పొద్దున 6కి చేస్తే అక్కడ మూడున్నర. అలిసి పడుకున్న పిల్లను లేపినట్టే. 8.30కి చేస్తే అక్కడ 6.