పాత సైకిలును మరల బాటకెక్కించుట

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



నేడు మేము మీ ముందు ప్రస్తావింపదలచినది పెద్ద పథకమేమియు కాదు. పశువుల కొట్టములో, అటుకమీద, మూతపడిన రైసుమిల్లు వెనుక తుప్పుపట్టి పడియున్న పాత సైకిలును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. పాత ఇనుము కొనువాడు వచ్చినప్పుడు దానిని తూచి అమ్మివేయుట గ్రామములలో పరిపాటి అయినది. అమ్ముటకు ముందు ఒక్కసారి దానిని పరీక్షింపుడని, పనికివచ్చునదైనచో బాగుచేయించి బాటకెక్కింపుడని కోరుటయే మా ఉద్దేశము. ఈ పని ఇప్పుడే ఏల చేయవలెనో, ఎట్లు చేయవలెనో క్రమముగా మనవి చేయుదుము.

నేడు మనమెరిగిన సైకిలు రూపము 1885వ సంవత్సరమున ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవర్ సైకిలుతో స్థిరపడినది. త్రొక్కుడు బలము చైను ద్వారా వెనుక చక్రమునకు చేరుట దాని విశేషము. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ సైకిలునకు తగిన గాలిటైరును రూపొందించెను. స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశమునకు ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., రడ్జ్, హంబర్, ఫిలిప్స్ మొదలగు ఇంగ్లండు సైకిళ్లు ఓడలలో దిగుమతి అగుచుండెడివి. స్వాతంత్ర్యానంతరము మద్రాసులో 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థ, సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో సంస్థలు వెలసినవి. బెంగాలులోని ఆసన్‌సోల్ వద్ద సేన్-ర్యాలీ కర్మాగారము నెలకొన్నది. ఇవి తయారుచేసిన బండ్లు చాల వరకు ఆ ఇంగ్లండు మాదిరివే: నల్లని రంగు, 28 అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు, వెనుక బలమైన క్యారియరు.

ఆ సైకిలే మన పల్లెలకు తంతిని, మనియార్డరును తెచ్చినది. బడిపంతులు, కాంపౌండరు, పాలవాడు దానిమీదనే వచ్చిరి. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిదప గ్రామసేవకుడు కొత్త విత్తనముల సంగతి చెప్పుటకు దానిమీదనే ఊరూరు తిరిగెను. గంటకింత అని అద్దెకు తెచ్చుకొని, సీటు అందక ఫ్రేము నడుమ కాలు దూర్చి త్రొక్కి నేర్చుకొన్నవారు మీలో అనేకులు గలరు.

ఇక ఈ పని ఇప్పుడే ఏల చేయవలెనను ప్రశ్న. మొదటి సంగతి: ఇట్టి సైకిలు ఇంచుమించు 20 కిలోల బరువుండును. తూచి అమ్మినచో వచ్చునది 20 కిలోల ఇనుము వెల మాత్రమే. అదే బండి బాటకెక్కినచో ఒక కుటుంబమునకు ఇంకను ఎన్నో యేండ్లు పనిచేయును. రెండవ సంగతి: ఈ మాదిరి సైకిలునకు కావలసిన 28 × 1½ అంగుళముల టైర్లు, ట్యూబులు, చైన్లు, బ్రేకు రబ్బర్లు నేటికిని పట్టణములలోని సైకిలు దుకాణములలో దొరకుచున్నవి. అయితే ఆ పాత కర్మాగారములు అన్నియు నేడు లేవు. సేన్-ర్యాలీ మూతపడి చాల కాలమైనది. సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారము 2020 జూన్ 3న పని నిలిపివేసినది. ఆ దినము ప్రపంచ సైకిలు దినోత్సవమగుట గమనింపదగినది.

మూడవ సంగతి అన్నింటికంటె ముఖ్యమైనది. మేము పర్యటించిన ఒక గ్రామమున డెబ్బది యేండ్లు దాటిన సైకిలు మెకానిక్కు ఒకరు గలరు. వంకరపోయిన చక్రమును త్రిప్పి, స్పోకులను వ్రేలితో మీటి, ఆ నాదమును బట్టి ఏది వదులో, ఏది బిగువో ఆయన చెప్పగలరు. ఆయన కుమారులు పట్టణములో వేరు ఉద్యోగములు చేయుచున్నారు. ఆ విద్యను నేర్చుకొనువారు ఎవరును లేరు. మేము అడుగగా ఆయన, "బండ్లు వస్తేనే గదయ్యా, ఎవడికైనా పని చూపించేది" అనిరి. ఇట్టివారు అనేక గ్రామములలో ఉన్నారు. సైకిలు మరికొన్నాళ్లు కొట్టములో ఆగగలదు. ఆ చేతిపని ఆగజాలదు.

సైకిలును వెదకుట ఎట్లన్నచో, ముందుగా మీ గ్రామములోని విశ్రాంత ఉపాధ్యాయుల, తపాలావారి, పాత దుకాణదారుల ఇండ్లను విచారింపుడు. పూర్వము అల్లునకు పెండ్లిలో ఇచ్చిన సైకిళ్లు కొన్ని ఇండ్లలో ఇంకను భద్రముగా నున్నవి. దొరకిన బండి ఎవరిదో నిర్ధారణ చేసికొనక ముట్టరాదు. కొన్నచో అమ్మినవారి సంతకముతో రసీదు వ్రాయించుకొని, అందులో ఫ్రేము నంబరును చేర్చవలెను. ఆ నంబరు సీటు క్రింది గొట్టముమీదనో, పెడళ్ల ఇరుసు అడుగుననో చెక్కబడియుండును. ఒకప్పుడు పురపాలక సంఘములు, పంచాయతీలు సైకిలు పన్ను తీసికొని లోహపు బిళ్ల ఇచ్చెడివి. ఆ బిళ్ల ఇంకను బండికి అంటియున్నచో దానిని పారవేయవలదు. బండి ఏ యూరిదో, ఏ యేటిదో తెలుపు సాక్ష్యమది. మీ పంచాయతీ చరిత్రలో అదియు ఒక పుట.

బండి ఏ కంపెనీదో తెలిసికొనుటకు ముందు గొట్టముమీది పేరు రేకును చూడవలెను. రేకు ఊడిపోయినచో పెడళ్ల వద్దనుండు పెద్ద పండ్ల చక్రము చెప్పును. ర్యాలీ చక్రములో కొంగ తలలు, రడ్జ్ చక్రములో మనుష్యుని హస్తము కోసియుండును. వెనుక చక్రమున స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్బు ఉన్నచో దానిమీద తయారైన సంవత్సరపు అంకెలు తరచు కనబడును. 52 అని యున్నచో 1952 అని గ్రహింపవలెను.

తరువాత బాగుచేయదగినదో కాదో పరీక్షింపవలెను. వెనుక చక్రపు ఇరుసు కూర్చుండు చీలికకు ఒక ప్రక్క సన్నని దారము కట్టి, ముందుకు తెచ్చి, హ్యాండిలు క్రింది గొట్టము చుట్టు త్రిప్పి, రెండవ ప్రక్క చీలికకు బిగించి కట్టవలెను. దారమునకును సీటు గొట్టమునకును నడుమ దూరము రెండు ప్రక్కల సమానముగా నున్నచో ఫ్రేము తిన్నగా నున్నదని అర్థము. ముందు గొట్టముల అడుగున రంగు ముడుతలు పడియున్నచో ఆ బండి ఎప్పుడో దేనికో గుద్దుకొన్నదని తెలియవలెను. గొట్టములు కలియు చోట్లను, ముందు ఫోర్కు మెడను గుడ్డతో తుడిచి వెలుతురులో చూడుడు. ఫోర్కు పగిలియున్నచో దానిని అతికించి నడుపరాదు. మారు ఫోర్కు దొరకనిచో ఆ బండిని విప్పి, మంచి భాగములను మరియొక బండికి వాడుట మేలు. పైతుప్పును చూచి భయపడనక్కరలేదు. పగులును చూచి ఉపేక్షింపరాదు.

ఇక పనిలోనికి వత్తము. విప్పుటకు ముందు నాలుగు ప్రక్కల ఫొటోలు తీసికొనుడు. నేడు చేతిఫోను లేని ఇల్లు అరుదు గనుక ఇది సులభము. విప్పిన సామానును ఏ చోటిది ఆ చోటుగా వేరు వేరు డబ్బాలలో ఉంచవలెను. పట్టుకొనిపోయిన నట్లకు నూనె వేసి ఒక రాత్రి నాననిండు. ఎడమ పెడలు మర మామూలు మరకు వ్యతిరేకము. కుడి ప్రక్క ఇరుసు గిన్నె మరయు సాధారణముగా అట్టిదే. ఇది ఎరుగక బలముతో త్రిప్పినవారు మరను చెడగొట్టుకొందురు. పెడలు చేతులను బిగించు కాటరు పిన్నును తీయునప్పుడు నట్టును కొన వరకు వదులుచేసి, క్రింద ఇనుప గొట్టము ఆనించి, సుత్తితో కొట్టవలెను. ఆనుడు లేక కొట్టిన దెబ్బ లోపలి గుండ్లపై పడును. మరల బిగించునప్పుడు రెండు పిన్నులును ఒకదానికొకటి ఎదురు దిశలలో కూర్చవలెను. లేనిచో పెడళ్లు ఒకే గీతలో నిలువవు.

ఇరుసులలోని ఉక్కు గుండ్లను కిరసనాయిలుతో కడిగి చూడుడు. ఒక్క గుండు గుంటపడినను ఆ వరుస మొత్తము మార్చవలెను. పాతవి, కొత్తవి కలుపరాదు. పెడళ్ల ఇరుసునకు సాధారణముగా పావు అంగుళపు గుండ్లు ఒక్కొక్క ప్రక్క 11 పట్టును. గిన్నెలలో కొత్త గ్రీజు నింపి, కోనును బిగించి, కొంచెము వెనుకకు వదలవలెను. చక్రము ఊగరాదు, పట్టనూరాదు. ఇంకొక హెచ్చరిక: ర్యాలీ బండ్ల ఇరుసు మరలు అంగుళమునకు 26, ఇతర ఇంగ్లండు బండ్లకు సాధారణముగా 24. ఒకదాని గిన్నెను మరియొకదానికి బలవంతముగా ఎక్కించినచో ఫ్రేమే చెడును.

చైను అరుగుదలను స్కేలుతో తెలిసికొనవచ్చును. అర అంగుళపు లింకులు 24 కలసి సరిగా 12 అంగుళములు ఉండవలెను. అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినచో చైనును మార్చవలెను. చక్రములలో ముందు 32, వెనుక 40 స్పోకులు ఉండుట ఈ బండ్ల వాడుక. తుప్పుతో సన్నబడిన స్పోకులను ఉంచరాదు. కడ్డీ బ్రేకు రబ్బర్లు చక్రపు అంచు లోతట్టును సరిగా తాకవలెను. ఉక్కు అంచు వానలో తడిసినచో బ్రేకు మందగించును గనుక వానకాలమున నెమ్మదిగా పోవుట క్షేమము.

రంగు విషయమున ఒక మాట. పాత సైకిలును బాగుచేయుట అనగా దానిమీద కొత్త రంగు పులుముట అని కొందరు తలచుచున్నారు. పాత నల్లరంగుమీది బంగారు గీతలు, కంపెనీ గుర్తులు ఒకసారి పోయినచో మరల రావు. మెత్తని గుడ్డతో మురికి తీసి, పలుచగా నూనె పూసినచో చాలును. తుప్పు లోనికి దిగిన చోట మాత్రమే గీకి రంగు వేయవలెను. మెరుగుపూత గల భాగములపై గరుకు కాగితము రుద్దరాదు. తోలు సీటునకు నూనె అధికముగా పట్టించినచో తోలు మెత్తబడి కుంగిపోవును. బెల్లు, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు మాత్రము కొత్తవి తప్పక పెట్టింపుడు. వెనుకటి కాలమున దీపము లేని సైకిలును రాత్రివేళ పోలీసులు ఆపెడివారు. నేటి రోడ్లమీద లారీల, కార్ల వేగము నాటికంటె ఎన్నో రెట్లు గనుక ఆ జాగ్రత్త నేడు మరింత అవసరము.

ఇంత శ్రమ దేనికని మీరు అడుగవచ్చును. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు సమకూర్చు పథకము ప్రారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ ఫలితములను పరిశీలించి 2017లో ప్రకటించిరి. తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగెనని, ఈ విషయమున బాలురకు బాలికలకు నడుమనున్న తేడా 40 శాతము తగ్గెనని వారు కనుగొనిరి. బడి దూరముగా నున్న గ్రామములలో ఈ మేలు అధికముగా కనబడినది. మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది స్త్రీలు సైకిలు నేర్చిరి. బడికి, సంతకు, ఆసుపత్రికి ఒకరి తోడు కొరకు వేచియుండక పోగలుగుట వారికి కలిగిన లాభము. పాత బండి ఎత్తైనది. దానిని ఇచ్చుటకు ముందు సీటుపై కూర్చున్న పిల్లకు కాలివ్రేళ్లు నేలనందునో లేదో చూడవలెను. అందనిచో పెద్దవారికి ఇచ్చి, పిల్లకు చిన్న ఫ్రేము బండిని వెదకవలెను.

పంచాయతీ చేయదగిన పని స్వల్పము. ఒక ఆదివారము ముందుగా చాటింపు వేయించి, గ్రామములోని పాత సైకిళ్లను పంచాయతీ కార్యాలయము వద్దకు తెప్పింపుడు. మీ మెకానిక్కును పిలిచి, గౌరవముగా కూర్చుండబెట్టి, ఏది బాగగునో ఏది కాదో చెప్పింపుడు. ఆయనకు తగిన కూలి ముట్టవలెను. ఉచిత సేవ అను పేర ఆయన పొట్ట కొట్టరాదు. పని నేర్వగోరు ఇద్దరు యువకులను, యువతులను ఆయన ప్రక్కన నిలుపుడు. బండి యజమానిదిగానే ఉండవలెను. ఇష్టముతో ఇచ్చినవారి బండ్లను మాత్రమే తీసికొని, ఎవరిచ్చిరో, ఎవరికిచ్చితిరో పుస్తకములో వ్రాయింపుడు. పంచాయతీ సొమ్ము ఖర్చుచేయవలసివచ్చినచో ముందుగా తీర్మానము చేసి, రసీదులు జాగ్రత్తపరుపుడు. మొదటిసారి రెండు బండ్లు బాటకెక్కినను చాలును. వానిని చూచి మిగిలినవారు తమ కొట్టముల తలుపులు తామే తెరతురు.

పాత ఇనుము కొనువాడు ఈ నెలలోను మీ ఊరికి వచ్చును. అతడు వచ్చులోపల మీ మెకానిక్కు ఇంటికి ఒకసారి వెళ్లి రండు.