తొమ్మిదో తరగతిలోనే తేలే డాక్టరు సీటు

ఈవేళ మన పిల్లల డాక్టరు చదువుల గురించి నాలుగు మాటలు మనవి చేద్దామనుకుంటున్నాను. ర్యాంకుల గురించీ, కోచింగుల గురించీ చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. నేను చెప్పబోయేది "లోకల్" అనే ఒక చిన్న మాట గురించి.

మాది దమ్మపేట. ఒక పక్క సత్తుపల్లి, ఇంకో పక్క అశ్వారావుపేట. అది దాటితే ఆంధ్రప్రదేశ్. బట్టలకు జంగారెడ్డిగూడెం, పెద్ద జబ్బు చేస్తే ఏలూరు, పిల్లల చదువుకు విజయవాడ. మా వైపు ఇది తాతల నాటి అలవాటు. పదో తరగతి ఫలితాలు రాగానే బైపీసీ కోసం ట్రంకుపెట్టె సర్ది, పచ్చళ్ళ సీసాలు కట్టి విజయవాడ హాస్టల్లో దింపి రావడం ఎన్నో ఇళ్ళలో చూశాను. ఇప్పుడా ట్రంకుపెట్టె దగ్గరే వచ్చింది చిక్కు.

తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు లోకల్ అనిపించుకోవాలంటే, ఇంటరు పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్ళు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్ళూ. ఇంటరు ఇక్కడే పాసవాలి. 2024 జూలైలో ఈ నిబంధన తెచ్చారు. అంతకు మునుపు ఇంకో దారి ఉండేది. ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా ఏడేళ్ళు లెక్కగట్టి, ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడివాడనేవారు. ఆ లెక్కన పదో తరగతి దాకా దమ్మపేటలో చదివి ఇంటరుకు విజయవాడ వెళ్ళిన పిల్లకు ఏడింట అయిదేళ్ళు ఇక్కడివే గదా, బెంగ లేదు. ఇప్పుడా దారి మూసేశారు.

పోనీ, ఆంధ్రలో అడుగుదామా? అక్కడా నాలుగేళ్ళ చదువు చూపమంటారు. మన పిల్లవి రెండేళ్ళే. రెంటికీ చెడ్డ రేవడి అంటారు చూడండి, అదీ సంగతి.

"మాకు ఇక్కడ సొంత ఇల్లుంది, రేషను కార్డుంది, మూడు తరాల నుంచి ఇక్కడే ఉన్నాం" అంటారు తల్లులు. నిజమే, కాని బడిలో చదివిన పిల్లకు చూసేది బడి ఎక్కడన్నదే గాని ఇల్లు ఎక్కడన్నది కాదు. ఈ మాట మీదే పిల్లలు కోర్టుకెక్కారు. 2024 సెప్టెంబరు 5న హైకోర్టు, రాష్ట్రంలో శాశ్వతంగా ఉండేవాళ్ళకు ఈ నిబంధన అడ్డు కారాదన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టుకెక్కిన 135 మందికి ఆ ఏడాది మటుకు వెసులుబాటు ఇచ్చారు. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ళ నిబంధన సరైనదేనని తీర్పు చెప్పింది.

ఈ లోకల్ లెక్క కొత్తదేమీ కాదు. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ పైన రాజ్యాంగంలో 371-డి, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర, వేంకటేశ్వర అని మూడు ప్రాంతాలు చేసి, నూటికి 85 సీట్లు ఏ ప్రాంతంవి ఆ ప్రాంతం పిల్లలకే అన్నారు. ఇక్కడ చదివినవాళ్ళు ఇక్కడే వైద్యం చేస్తారని ఆశ. ఆ ఆశ తప్పని నేననను. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో సర్కారీ వైద్య కళాశాలలు పెట్టారు. మా ఏజెన్సీ గూడేల్లో జ్వరాల కాలం వస్తే డాక్టరు విలువ ఏమిటో మాకు తెలుసు. కోయ పిల్ల ఒకతె ఆశ్రమ పాఠశాలలో చదివి ఆ సీటు తెచ్చుకుంటే అంతకంటే కావలసిందేముంది?

కాని ఒక్క మాట అడగక తప్పదు. బదిలీల మీద వెళ్ళే రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకూ, సైన్యంలో ఉన్నవాళ్ళ పిల్లలకూ మినహాయింపు ఇచ్చారు, సంతోషం. పామాయిలు తోట రైతుకు బదిలీ ఉత్తర్వు ఎవరిస్తారండీ? సరిహద్దు మండలాలకు దగ్గరి కాలేజీ అవతలి రాష్ట్రంలో ఉంటే, దానికీ ఏదో ఒక ఏర్పాటు ఉండవద్దా?

ఇది మా పల్లెటూళ్ళ గొడవ అని పట్నంలో ఉన్న మీరు తేలిగ్గా తీసుకోకండి. మీ వారికి కంపెనీలో ఉద్యోగం, రెండేళ్ళు బెంగుళూరు పంపారనుకోండి. పిల్లవాడు తొమ్మిది, పది అక్కడ చదివి ఇంటరుకు హైదరాబాదు వచ్చినా లోకల్ కాడు. రాజస్థాన్‌లోని కోటాకు పంపి అక్కడే ఇంటరు చదివించినా అంతే. అలాటి పిల్లలకు అన్ని దారులూ మూసుకుపోయాయని కాదు. సర్కారీ కళాశాలల్లో నూటికి 15 సీట్లు అఖిల భారత కోటావి, బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. కాకపోతే అక్కడ దేశమంతటితో పోటీ.

అంచేత అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగానే ఆలుమగలు కూర్చుని మాట్లాడుకోండి. డాక్టరు చదువు మనసులో ఉంటే ఆ నాలుగేళ్ళూ రాష్ట్రం దాటించకండి. తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏ ఏడాదికా ఏడాది స్టడీ సర్టిఫికెట్టు తీసి పెట్టుకోండి. ప్రైవేటు బళ్ళు ఇవాళ ఉంటాయి, రేపు మూతపడతాయి. అప్పుడు సంతకం కోసం ఎవరి చుట్టూ తిరుగుతాం? ఇంటిపేరు అన్నింటిలో ఒకేలా పడిందో లేదో చూసుకోండి. ఏటా వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల ప్రకటన ఇస్తుంది. నిబంధనలు అందులోనే చదవండి, పక్కింటివాళ్ళ నోట వినవద్దు. నా నోట విన్నది కూడా దానితో ఒకసారి సరిచూసుకోండి.