పల్లేరు కాయ: ఎంతవరకు మందు?



బీడులో చెప్పుల్లేకుండా నడిచిన ప్రతివారికీ పల్లేరు తెలుసు. అది నేలమీద పాకే మొక్క. ఆకులు చింతాకుల్లా ఉంటాయి. ఐదు రేకుల పసుపు పూలు పూస్తాయి. కాయ నిండా ముళ్ళే. కాలికి గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంటుంది.

ఈ ముళ్ళకాయే ఆయుర్వేదంలో పేరున్న మందు. దాన్ని గోక్షురం అంటారు. మూత్రం సాఫీగా రావడానికి ఇది మంచిదని చరక సంహితలోనే ఉంది. దశమూలాలనే పది వేళ్ళలో పల్లేరు వేరు కూడా ఒకటి. ఎండిన కాయలను నలగ్గొట్టి నీళ్ళలో వేస్తారు. నాలుగో వంతు మిగిలేదాకా కాచి, వడగట్టి తాగుతారు.

ఏనుగు పల్లేరు అని ఇంకొకటి ఉంది. దాని కాయ పెద్దది. ఆకులను నీళ్ళలో కలియతిప్పితే నీళ్ళు జిగురవుతాయి. దాన్ని కూడా మూత్రం జబ్బులకు వాడతారు. కానీ అది వేరే మొక్క.

అసలు ఒంటికి పోయేటప్పుడు మంట ఎందుకు వస్తుంది? ఎండలో కలుపు తీసే ఆడవాళ్ళు చాటు లేదని నీళ్ళు తక్కువ తాగుతారు. మూత్రం ఆపుకుంటారు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. నీళ్ళు బాగా తాగితే ఇది తగ్గుతుంది. క్రిములు చేరినా మంటే. దానికి మూత్ర పరీక్ష, సరైన మందు కావాలి. సిగ్గుపడి దాచుకుంటే జబ్బు మూత్రపిండాల దాకా పాకుతుంది.

మరి రాయి సంగతి? ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఆ సమయంలో కషాయం తాగి ఉంటే పేరు కషాయానికి వస్తుంది. పెద్ద రాయిని పల్లేరు కరిగిస్తుందని గట్టి రుజువు లేదు.

అందుకే ఈ గుర్తులు కనబడితే కషాయం కాస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి:

చలిజ్వరం రావడం.
మూత్రంలో నెత్తురు పడడం.
నడుము పక్కన భరించలేని నొప్పి.
మూత్రం పూర్తిగా ఆగిపోవడం.

గర్భిణులు, షుగరు, బి.పి. మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా పల్లేరు వాడకూడదు.

పొడి కొనేటప్పుడు పొట్లం మీద మందు పేరు, లైసెన్సు నంబరు, తయారైన తేదీ చదవండి. చీటీ లేని పొట్లం కొనకండి. పల్లేరును గుర్తుపట్టడం పెద్దలు నేర్పారు. పొట్లం చదవడం మీరు నేర్చుకున్నారు. ఈ రెండూ ఉంటేనే మందు మందవుతుంది.