ఎర్రకణంలో ఇనుము లెక్క

యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకునే ఈ సభలో పులివెందుల పిల్లలు ఇంతమంది ముందు వరుసల్లో కూర్చోవడం నాకెంతో సంతోషం. అమ్మాయిలూ, మీకు బడిలో ఇచ్చే మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం రెండూ ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపింది సుబ్బారావు గారి బృందమే. ఇనుము సంగతి ఈరోజు నేను చెబుతాను.

ఎర్రకణంగా మారబోయే కణానికి ముఖ్యమైన పని హిమోగ్లోబిన్ తయారీ. జన్యువులోని సమాచారాన్ని ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముకు చేరవేసేది మెసెంజర్ ఆర్‌ఎన్ఏ అని 1961లో తేలింది. ఆ తర్వాత ఏడాది, రెండేళ్లలోనే వార్నర్, రిచ్, వారి సహచరులు కుందేలు లేత ఎర్రకణాల్లోని సరుకును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఒకే ఆర్‌ఎన్ఏ పోగు మీద రైబోజోములు గుంపుగా, ఎక్కువచోట్ల ఐదేసి కనిపించాయి.

ఐదే ఎందుకు? ఇలాంటి ప్రశ్నలకు లెక్కతో దారి చూపినవారు అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌డొనాల్డ్, గిబ్స్, పిప్కిన్. అది 1968. గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లోడు లారీలను మీరు చూసే ఉంటారు: ముందుది కదిలితేగానీ వెనకది కదలదు. రైబోజోములూ అంతే, ఒకదాన్నొకటి దాటిపోలేవు. ఒక్కొక్కటి దాదాపు పది కోడాన్ల (మూడక్షరాల సంకేతాల) చోటు ఆక్రమిస్తుంది. పోగు మీదికి రైబోజోములు ఎక్కడం నెమ్మదైతే అవి పల్చగా ఉంటాయి, తయారీ వేగాన్ని ఆ ఎక్కడమే నిర్ణయిస్తుంది. చివర్లో దిగడం నెమ్మదైతే రద్దీ వెనక్కి పాకుతుంది. గిబ్స్ రసాయన శాస్త్రం చదివినవాడు, పిప్కిన్‌ది గణితం, వాళ్లు లెక్కగట్టింది జీవకణంలోని పనిని. పదో తరగతి కాగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని విడదీసేస్తున్నామే, అది నాకు నిజంగా బాధ.

1974లో హార్వే లోడిష్ ఇదే తరహా లెక్కను హిమోగ్లోబిన్‌కు వర్తింపజేశాడు. దానికి ఆల్ఫా, బీటా గ్లోబిన్ గొలుసులు సమానంగా కావాలి. కానీ కణంలో ఆల్ఫా ఆర్‌ఎన్ఏ ఎక్కువ. బీటా ఆర్‌ఎన్ఏ మీదికి రైబోజోములు త్వరగా ఎక్కుతాయి కాబట్టి చివరికి సరిపోతుంది. మరి ఎక్కడమే మొత్తంగా మందగిస్తే? ఎక్కువ దెబ్బ ఆల్ఫాకే అని లెక్క చెప్పింది.

ఇనుము చాలకపోతే మందగించేది సరిగ్గా ఆ ఎక్కడమే. హిమోగ్లోబిన్లో ఇనుమును పట్టుకునే హీమ్ తగ్గగానే ఒక ఎంజైము, రైబోజోములు ఎక్కడానికి కావలసిన ఈఐఎఫ్-2 అనే ప్రారంభక ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. వాడిన ఈఐఎఫ్-2ను మళ్లీ పనికి సిద్ధంచేసే ఈఐఎఫ్-2బి కణంలో ఉండేదే కొద్దిగా. ఫాస్ఫేటు తగిలిన ఈఐఎఫ్-2 దాన్ని పట్టుకుని వదలదు. అందుకే కొంత ఈఐఎఫ్-2కు ఫాస్ఫేటు తగిలినా మొత్తం తయారీ కుంటుపడుతుంది. హీమ్ లేకుండా గ్లోబిన్ పోగుపడితే కణానికే చేటు, కాబట్టి ఈ కట్టడి కావలసిందే.

ఈ పట్టు మీద ఏళ్ల తరబడి పనిచేసినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న కె.వి.ఎ. రామయ్య గారు. ఈఐఎఫ్-2లోని ఆల్ఫా భాగంలో 48వ స్థానంలో సెరీన్ బదులు అలనీన్ ఉంటే ఆ పట్టు సడలుతుందని 1994లో జేన్-జేన్ చెన్, కాఫ్‌మన్ తదితరులతో కలిసి ఆయన ప్రచురించారు.

2009లో ఏ ఆర్‌ఎన్ఏ మీద ఎక్కడ ఎన్ని రైబోజోములున్నాయో లెక్కించే పద్ధతి వచ్చింది. అయితే ఒకచోట అవి గుమికూడి కనిపిస్తే అక్కడ నడక నెమ్మదా, ముందెక్కడో ఆగినందువల్ల వచ్చిన రద్దీయా? ఆ సంఖ్యలొక్కటే చూసి చెప్పలేం, మళ్లీ 1968 నాటి లెక్క వేయాల్సిందే.