దండయాత్రా, కోత్ లెక్కా?

(జగదల్‌పూర్‌లో తెలుగు సైనికోద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక దేశం చేతికి అణుబాంబు రాకుండా ఆపాలంటే, సైన్యాన్ని పంపి ఆ దేశాన్ని పట్టుకోవడం పనికొస్తుందా? ఇదీ నాకిచ్చిన విషయం. బస్తర్‌లో కూర్చుని ఇరాక్ కబుర్లేమిటండీ అని మా ఇంట్లో నవ్వారు. కానీ ఈ ప్రశ్న ఇక్కడివాళ్ళకే బాగా తెలుస్తుందని నా నమ్మకం.

బైలదిల్లా కొండల దగ్గర హిరోలీలో ఎన్‌ఎండిసి వారి పేలుడు పదార్థాల గోడౌను మీద 2006 ఫిబ్రవరిలో మావోయిస్టులు దాడి చేశారు. ఎనిమిది మంది సిఐఎస్‌ఎఫ్ జవాన్లు ప్రాణాలిచ్చారు. గనిలో వాడడానికి తెచ్చిన మందు టన్నుల కొద్దీ పోయింది. గోడౌను ఎక్కడికీ పోలేదు, సరుకు పోయింది. అలాంటి సరుకు మందుపాతరై రోడ్డు కింద చేరితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మనలో కోత్ డ్యూటీ ఎరగనివాళ్ళుండరు. తాళం, సీలు, రిజిస్టరు, సంతకం. ఒక్క రైఫిలు తగ్గితే ఆ రాత్రి యూనిట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇన్‌స్పెక్టర్లు చేసే పని కూడా దాదాపు ఇదే అన్నమాట. యురేనియం ఎంత ఉంది, ఎక్కడ ఉంది, సీలు సరిగా ఉందా అని చూడడం.

ఇరాక్‌లో వాళ్ళు 2002 నవంబరులో మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టారు. 2003 మార్చి 7 నాటికి 141 చోట్ల 218 తనిఖీలు చేసి, అణ్వస్త్ర కార్యక్రమం మళ్ళీ మొదలైందనడానికి ఆధారం కనబడలేదని ఎల్‌బరాదే గారు భద్రతామండలికి చెప్పారు. నైజర్ నుంచి యురేనియం కొనబోయారని చూపించిన కాగితాలు అసలువి కావనీ ఆ రోజే చెప్పారు. ఇన్‌ఫార్మర్ తెచ్చిన కబురు రెండోచోట సరిచూడకుండా పార్టీని పంపితే ఏమవుతుందో మనకు తెలుసు. అయినా ఆ నెల 20న దండయాత్ర మొదలైంది.

మూడు వారాల్లో బాగ్దాద్ పడింది. సైనికంగా చూస్తే భేషైన పనే, కాదనను. కానీ బాగ్దాద్ పక్కనే ఉన్న తువైతాలో, సీలు వేసి ఉంచిన యురేనియం గోదాముకు కాపలా లేకపోయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు లోపలికి వెళ్ళి, పీపాల్లోని యెల్లో కేక్ పొడిని కింద పారబోసి, ఖాళీ పీపాలు ఇంటికి తీసుకెళ్ళారు. మంచినీళ్ళు పట్టుకోవడానికి! పాపం, వాళ్ళకేం తెలుసు? జూన్‌లో ఇన్‌స్పెక్టర్లు వెళ్ళి చూస్తే చాలామటుకు దొరికింది గానీ, కనీసం పది కిలోలు చెదిరిపోయి ఉండవచ్చని తేల్చారు.

అల్ ఖాఖా సంగతి ఇంకా ఘోరం. అణుబాంబును పేల్చడానికి పనికొచ్చే హెచ్‌ఎమ్‌ఎక్స్ అక్కడ సీలు కింద ఉండేది. దాంతో పాటు ఆర్‌డిఎక్స్ కూడా కలిపి సుమారు 340 టన్నులు లూటీలో పోయాయని 2004 అక్టోబరులో కొత్త ఇరాక్ ప్రభుత్వమే ఆ సంస్థకు తెలియజేసింది. వెదకడానికి వెళ్ళిన అణ్వస్త్రాలేమో లేవు. అణు కార్యక్రమం 1991లోనే ఆగిపోయిందని అమెరికా సొంత సర్వే బృందమే 2004లో రిపోర్టు ఇచ్చింది. హిరోలీలో పోయింది టన్నులు, అక్కడ పోయింది వందల టన్నులు.

మరి బలప్రయోగం ఎప్పుడూ పనికిరాదా అని మీరడగవచ్చు. అలా అనను. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ విమానాలు ఒసిరాక్ రియాక్టరును కూల్చాయి. అయితే ఆ తర్వాత ఇరాక్ రహస్యంగా యురేనియం శుద్ధి చేసుకుంటూ పోయింది. అది ఎంత పెద్దదో 1991 యుద్ధంలో ఇరాక్ ఓడి, ఇన్‌స్పెక్టర్లకు తలుపులు తెరవాల్సి వచ్చాకే బయటపడింది. యుద్ధం తలుపు తెరిచింది, నిజమే. లోపలున్నదాన్ని లెక్కపెట్టింది మాత్రం ఇన్‌స్పెక్టర్లే. సిరియాలో 2007లో కూల్చిన రియాక్టరు మళ్ళీ లేవలేదు. అది ఇంకా పని మొదలుపెట్టని ఒక్క కట్టడం, పైగా అది దండయాత్ర కాదు, ఒక్క రాత్రి విమానదాడి. నేర్చుకున్న విద్య దేశమంతా పాకిన చోట అది కుదరదు. మన హైదరాబాదునే చూడండి. ఎన్‌ఎఫ్‌సి, ఇసిఐఎల్ అని ఎన్ని వేల చేతులు, ఎన్ని తరాల అనుభవం!

చూసేవాళ్ళు ఏం నేర్చుకున్నారన్నది ఇంకో సంగతి. లిబియా 2003 డిసెంబరులో తన కార్యక్రమం వదులుకుంటానంది. 2011లో నాటో విమానాలు అక్కడ బాంబులు వేశాయి, గడాఫీ ప్రాణమే పోయింది. ఉత్తర కొరియా 2006లోనే బాంబు పరీక్షించింది, దాని మీదికి ఎవరూ సైన్యాన్ని పంపలేదు. ఇరాన్ మీద 2025 జూన్‌లో విమానదాడులు జరిగే నాటికి 60 శాతం శుద్ధి చేసిన యురేనియం సుమారు 440 కిలోలుందని ఇన్‌స్పెక్టర్ల లెక్క. దాడుల తర్వాత ఆ సరుకు ఎక్కడుందో వాళ్ళు కళ్ళారా చూసి చెప్పలేకపోయారు. ఏ కోత్ ఎన్‌సిఓ కైనా ఇది గుండె ఆగే మాటే.

నా మట్టుకు నాకు మన ఇంటి ఉదాహరణే నచ్చుతుంది. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఇస్లామాబాద్‌లో మనమూ పాకిస్తానూ సంతకాలు చేశాం. దాన్నిబట్టి 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ అయిన తర్వాతి జనవరిలోనూ ఇచ్చుకున్నాయి. పార్లమెంటు మీద దాడి జరిగి సైన్యం సరిహద్దుకు కదిలిన 2002 జనవరి 1న కూడా ఇచ్చుకున్నాయి. 2025 మేలో అంత జరిగాక, 2026 జనవరి 1న మళ్ళీ ఇచ్చుకున్నాయి.