స్టార్ వార్స్: మేము చూచిన చిత్రమేది?

మా యింటి బీరువాలో మూడు వీడియో టేపులు కలవు. వానిని నడుపు యంత్రము చెడి చాల కాలమైనది. ఇల్లు సర్దునప్పుడెల్ల ఇంటివారు వానిని బయట పెట్టుదురు. మేము మరల లోపల పెట్టుదుము. అవి 1995లో అమ్మకమునకు వచ్చిన స్టార్ వార్స్ చిత్రములు. అసలు రూపమున లభించుట ఇదియే కడసారి యని ఆనాటి ప్రకటనలలో చెప్పిరి. సరుకు అమ్ముకొనువారు చెప్పు మాటలలో ఇదియు నొకటి యనుకొంటిమి గాని, అది ఇంచుమించు నిజమగునని తలపలేదు.

శ్రోతలలో ఈ చిత్రముల నెరుగనివారు కొందరుందురు. వారి కొరకు కథను రెండు మాటలలో చెప్పెదము. ఎడారివంటి గ్రహముపై బంధువుల యింట పెరిగిన రైతుబిడ్డ, చెరబడిన రాకుమారి, అప్పులపాలై దొంగసరుకు చేరవేయు నావికుడు, రెండు మరబొమ్మలు. వీరందరు కూడి ఒక దుష్టసామ్రాజ్యము నెదిరింతురు. జానపద కథలు విన్న చెవులకు ఇందు కొత్త యేమియు లేదు. జార్జి లూకాస్ దీనిని తీసినప్పుడు జపాను దర్శకుడు కురొసావా 1958లో తీసిన చిత్రమొకటి ఆయన మనస్సున నుండెను. మొదటి చిత్రము 1977 మే 25వ తేదీన అమెరికాలో విడుదలైనది. 1980లోను, 1983లోను మరి రెండు వచ్చినవి. 1999 మొదలు 2005 వరకు మూడు, 2012లో డిస్నీవారు ఆ సంస్థను కొన్న తరువాత 2015 మొదలు 2019 వరకు మూడు, వెరసి ప్రధానచిత్రములు తొమ్మిది. కడపటి మూటిని గూర్చి మాకు చెప్పదగిన దెక్కువ లేదు.

మొదటి చిత్రమున మమ్ము పట్టినది బొమ్మ కాదు, శబ్దము. బెన్ బర్ట్ అను యువకుడు టేపురికార్డరు వెంటబెట్టుకొని లోకము మీద పడి ఆ శబ్దములను ఏరి తెచ్చెను. తుపాకి పేలుడు కావలసివచ్చినప్పుడు, ఎత్తైన రేడియో స్తంభమును నిలుపుటకై నేలకు బిగించిన ఉక్కుతీగను సుత్తితో కొట్టి, ఆ ఝణత్కారమును పట్టెను. వెలుగుకత్తి రొదలో పాత ప్రొజెక్టరు మోటారు హోరును, టెలివిజను గొట్టము చెంత చెడిన మైకు పట్టిన గరగరయు కలిసియున్నవి. శత్రువిమానము దూసికొని వచ్చునప్పటి కేకలో ఏనుగు ఘీంకారమును, తడిసిన రోడ్డుపై కారు పోవు చప్పుడును కలవు. డార్త్ వేడర్ అను ప్రతినాయకుని ఊపిరి, నీటిలో మునుగువారు ధరించు శ్వాసయంత్రమునుండి వచ్చినది. ఈ రహస్యములు తెలిసిన పిదప మాకు ఆ చిత్రముపై ప్రేమ పెరిగినదే గాని తరుగలేదు. నేటికిని ఎచ్చటనైన రేడియో స్తంభము కనబడినచో ఆ తీగను ఒకమారు తట్టి చూడవలెనని మనసగును. కావలివాడుండును గనుక ఆగుదుము.

ఈ కథ రేడియో కెక్కిన సంగతి చాలమంది యెరుగరు. 1981లో అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో మొదటి చిత్రమును 13 భాగముల నాటకముగా ప్రసారము చేసెను. లూకాస్ తాను చదివిన విశ్వవిద్యాలయపు రేడియో కేంద్రమునకు ఒక్క డాలరు పుచ్చుకొని హక్కు లిచ్చెను. బ్రయన్ డేలీ నాటకము వ్రాసెను. చిత్రమున నటించినవారిలో మార్క్ హామిల్, ఆంథొనీ డేనియల్స్ తమ పాత్రలను తామే పలికిరి. తక్కిన ముఖ్యపాత్రలకు కొత్త గొంతుకలు. రెండు గంటల కథ ఇంచుమించు ఆరు గంటలైనది. ఎడారిలో ఆ కుర్రవాని దినచర్య యెట్టిదో, రాకుమారి పట్టుబడుటకు ముందు ఏమి జరిగెనో, చిత్రమున లేని ఘట్టములెన్నో ఇందు చేరినవి. మేము దీనిని చాల యేండ్ల తరువాత, కరెంటు పోయిన ఒక రాత్రి, బ్యాటరీ యంత్రముపై వింటిమి. ఇన్ని మార్పులున్నను మా కెట్టి కష్టమును తోచలేదు. నాటకము నాటకముగా నుండెను. చిత్రము చిత్రముగా బీరువాలో నుండెను. ఒకటి వచ్చి రెండవదానిని వెడలగొట్టలేదు.

మా మనస్సు నొచ్చినది మరియొక చోట. 1988లో లూకాస్ అమెరికా శాసనసభ సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. హక్కులు కొన్నవారు పాత నలుపు తెలుపు చిత్రములకు రంగులు పూయుచున్న కాలమది. అట్టి పని తగదనియు, ముందు తరములవారికి అసలు రూపము దక్కవలెననియు ఆయన గట్టిగా వాదించెను. మరుసటి యేడు అక్కడి కాంగ్రెసు గ్రంథాలయమువారు కాపాడదగిన చిత్రములుగా ఎంచిన మొదటి 25లో స్టార్ వార్స్ ఒకటి. తొమ్మిదేండ్లు గడచినవి. 1997లో ఆయనయే తన మూడు చిత్రములను దిద్ది విడుదల చేసెను.

దిద్దినవన్నియు చెడ్డవని మేమనము. 1980 నాటి చిత్రములో మేఘములలోని నగరపు గోడలకు కిటికీలు తెరచిరి. అది కన్నులకు హాయిగా నున్నది. కాని నావికుని సంగతి వేరు. పానశాలలో ఒక కిరాయివాడు వానికి తుపాకి గురిపెట్టి కూర్చుండగా, నావికుడు బల్ల క్రిందనుండి ముందుగా కాల్చివేయును. 1997లో కిరాయివాడే ముందు కాల్చినట్లును, గురి తప్పినట్లును మార్చిరి. బల్లకు ఆవల కూర్చున్న మనిషిపై గురి తప్పుటయా! నావికుడు స్వార్థపరుడు, ప్రాణభయము లేనివాడు కాడు. అట్టివాడు కథాంతమున మిత్రుల కొరకు వెనుకకు తిరిగి వచ్చును గనుకనే మా గుండె పొంగినది. మొదటనే మంచివాడైనచో వాడు తిరిగి వచ్చుటలో విశేషమేమి?

మూడవ చిత్రమున ఒక నిశ్శబ్దము కలదు. చక్రవర్తి తన కుమారుని హింసించుచుండగా డార్త్ వేడర్ చూచుచుండును. ముసుగు కదలదు, మాట లేదు. అటు చూచును, ఇటు చూచును, చివరకు చక్రవర్తిని రెండు చేతులతో ఎత్తి పడవేయును. ఆ ముసుగు వెనుక జరుగుచున్నదానిని ప్రేక్షకుడు తానే పూరించుకొనవలెను. 2011 నాటి ప్రతిలో ఆ ఘట్టమున 'వద్దు' అని కేక చేర్చిరి. శబ్దము లేకుండుట యెంత విలువగలదో రేడియో వినువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆయన చెప్పు సమాధానము మాకు తెలియును. మొదట ధనమును కాలమును చాలలేదనియు, తన దృష్టిలో ఆ చిత్రము అసంపూర్ణమనియు అనును. కర్త మాట గనుక దానికి విలువ యిత్తుము. కాని కూర్పు చేసి ఆస్కారు బహుమతి నందినవారు మార్షా లూకాస్, పాల్ హర్ష్, రిచర్డ్ చ్యూ. రెండవ చిత్రమునకు దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్. ఇందరి చేతులు పడినదానిని ఒక్కరు వచ్చి పూర్తి కాలేదనుట మాకు రుచింపలేదు. 2006లో పాత రూపమును డిస్కుపై అనుబంధముగా ఇచ్చిరి గాని, అది పాత లేజర్ డిస్కుల నాటి ప్రతినుండి తీసినది, బొమ్మ మసక.

ఇంతవరకు మా ఫిర్యాదు. మాపైనను ఒక ఫిర్యాదు కలదు. 1999 నాటి చిత్రమున జార్ జార్ అను హాస్యపాత్రను అహ్మద్ బెస్ట్ అను యువనటుడు ధరించెను. ఆ పాత్ర నచ్చనివారు ఆయనను వదలిపెట్టలేదు. ఆ నిందల వలన ప్రాణము తీసికొనుటకు సిద్ధపడితినని 2018లో ఆయనయే వెల్లడించెను. మేము ఉత్తరములు వ్రాసినవారము కాము. కాని స్నేహితుల నడుమ ఆ పాత్ర నడకను అనుకరించి నవ్వించినవారమే. ఆ వార్త చదివిన దినమున టేపుల వైపు చూచుటకు మనసొప్పలేదు.

మా మేనకోడలు ఏడేండ్ల వయస్సున మొదట చూచినది ఆ చిత్రమే. జార్ జార్ వచ్చినప్పుడెల్ల చప్పట్లు కొట్టెడిది. ఇది అసలైన స్టార్ వార్స్ కాదని మేము ఉపన్యసింపగా, "నీది టేపులో ఉందిగా మామయ్యా, నాది ఇదే" అనెను. అప్పుడు నవ్వితిమి.

2025 జూన్‌లో లండనులోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌వారు 1977 నాటి అసలు ప్రింటును తెరపై ప్రదర్శించిరి. పత్రికలో చదివి మేనకోడలికి ఫోను చేసితిమి. వేసవి సెలవులకు కొడుకును తీసికొని వచ్చెద ననియు, వానికి ముందుగా మా టేపులే చూపవలె ననియు, తన చిత్రము ఆ తరువాత తానే చూపుదు ననియు చెప్పినది. టేపుయంత్రమును బాగుచేయువానికై ఇప్పుడు బజారంతయు తిరుగుచున్నాము. ఒకడు దొరికినాడు గాని, రబ్బరు పట్టీ తెప్పించవలెనట.